ఒక రక్తపరీక్ష ఫలితం ఎలా ప్రయాణిస్తుంది?

రాత్రి పదకొండు గంటలు. ఒక పెద్ద ఆస్పత్రిలో మూడవ అంతస్తు వార్డు. మూత్రపిండాల జబ్బుతో ఆ సాయంత్రమే చేరిన ఒక పెద్దాయనకు నర్సు రక్తం తీసింది. ఆయన పేరు కె. వెంకటేశ్వరరావు అనుకుందాం. రక్తపు గొట్టం కింది అంతస్తులోని ప్రయోగశాలకు వెళ్ళింది. అక్కడి యంత్రం కొద్ది నిమిషాలలో లెక్క తేల్చింది: పొటాషియం 6.8.

ఈ అంకె చిన్నదే, కాని చాలా ప్రమాదకరమైనది. ఆరోగ్యవంతుని రక్తంలో, లీటరుకు మిల్లీమోల్ లెక్కన, పొటాషియం సుమారు 3.5 నుంచి 5.0 వరకు ఉంటుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే అది బయటికి పోక రక్తంలోనే పేరుకుపోతుంది. మరీ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఒక్కొక్కప్పుడు ఆగిపోతుంది కూడా. వెంటనే తెలిస్తే వైద్యుడు మందులిచ్చి గుండెను కాపాడగలడు. కాని వైద్యుడు మూడవ అంతస్తులో ఉన్నాడు, అంకె కింద ప్రయోగశాలలో ఉన్నది. ఆ అంకె పైకి ఎలా వెళ్తుంది? పొరపాటున మరొకరి పేరున పడకుండా, దారిలో పోకుండా, మారకుండా ఎలా చేరుతుంది? ఈ నెల మనం తెలుసుకోబోయేది అదే.

ఎన్నో యంత్రాలు, ఎన్నో భాషలు

పెద్ద ఆస్పత్రి ఒక చిన్న పట్నం వంటిది. రోగిని చేర్చుకొనే కౌంటరులో ఒక కంప్యూటరు, ప్రయోగశాలలో ఒకటి, ఎక్స్‌రే విభాగంలో ఒకటి, మందుల కొట్టులో ఒకటి, బిల్లులు వేసేచోట ఇంకొకటి ఉంటాయి. వీటిని ఒకే కంపెనీ తయారుచేసి ఉండదు. ఒకటి రోగి పుట్టిన తేదీని ముందు రోజు, తరువాత నెల, చివర సంవత్సరంగా రాస్తుంది. మరొకటి సంవత్సరం ముందు రాస్తుంది. ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు.

ప్రతి యంత్రాన్నీ మిగిలిన అన్ని యంత్రాలతోను విడివిడిగా కలిపితే సరిపోదా అని మీరు అడగవచ్చు. లెక్క వేసి చూడండి. 10 యంత్రాలుంటే ఒక్కొక్కటి తక్కిన 9 యంత్రాలతో కలవాలి. 10ని 9తో గుణించి 2తో భాగిస్తే 45 కలయికలు. యంత్రాలు 20 అయితే? రెట్టింపు కాదు, 190! ప్రతి కలయికకు ఒక దుబాసీని తయారుచేయడం ఎవరి తరం?

దీనికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, అందరూ ఒకే భాష మాట్లాడటం. రెండవది, అన్ని యంత్రాలూ మధ్యలో ఉన్న ఒకే ఒక కేంద్రంతో మాట్లాడటం. మన రైళ్ళకు జంక్షన్ ఎలాగో, ఉత్తరాలకు వాటిని ఊళ్ళవారీగా వేరుచేసే కార్యాలయం ఎలాగో, ఆస్పత్రి వార్తలకు ఈ కేంద్రం అలాగ. అప్పుడు 20 యంత్రాలకు 20 దారులే చాలు.

ఏడవ అంతస్తు భాష

ఒకే భాష కావాలన్న ఆలోచనతో 1987లో అమెరికాలో ఒక సంస్థ ఏర్పడింది. దాని పేరు ‘హెల్త్ లెవెల్ సెవెన్’. పొట్టిగా హెచ్.ఎల్.7 అంటారు. ఈ ఏడు ఏమిటి?

రెండు కంప్యూటర్లు మాట్లాడుకొనే పనిని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఏడు పొరలుగా విభజించి 1984లో ప్రకటించింది. అన్నిటికంటె కింది పొర తీగలు, వాటిలో పారే విద్యుత్తు. పైకి పోయినకొద్దీ ఏ దారిన పంపాలి, దారిలో పోయినదాన్ని మళ్ళీ ఎలా పంపాలి వంటి పనులు వస్తాయి. అన్నిటికంటె పైన ఉన్న ఏడవ పొరలో అసలు విషయం ఉంటుంది. ఉత్తరంతో పోల్చి చూడండి. రోడ్డు, బస్సు, తపాలా సంచీ, కవరు ఇవన్నీ కింది పొరలు. కవరులో అమ్మమ్మ రాసిన మాటలు ఏడవ పొర. ఆరోగ్య విషయాల మాటలు ఎలా ఉండాలో చెప్పే భాష కనుక దానికి ఆ పేరు వచ్చింది.

1980ల చివర రూపుదిద్దుకొన్న ఈ భాష రెండవ రూపాంతరం, చేర్పులూ మార్పులూ పొందుతూ నేటికీ అనేక దేశాల ఆస్పత్రులలో వాడుకలో ఉన్నది.

వార్తను విప్పి చూద్దాం

ఈ వార్తలు చూడటానికి తంతి వార్తల వలె పొట్టిగా ఉంటాయి. (మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. మీ తాతగారిని అడిగితే దాని సంగతులు చెప్తారు.) ఒక్కొక్క వరుసకు మొదట మూడక్షరాల పేరు ఉంటుంది. అసలు వార్త ఇంగ్లీషు అక్షరాలలో ఉంటుంది. మన సౌకర్యం కోసం రెండు వరుసలను తెలుగులో రాసుకుందాం.

పి.ఐ.డి.|1||204517||కొండపల్లి^వెంకటేశ్వరరావు||19610704|ఎం

ఓ.బి.ఎక్స్.|1|ఎన్.ఎం.|2823-3^పొటాషియం^ఎల్.ఎన్.||6.8|మిల్లీమోల్/లీ|3.5-5.0|హెచ్.హెచ్.|||ఎఫ్

నిలువు గీతలు గదుల మధ్య గోడలు. మొదటి వరుసలో మూడవ గదిలో రోగి నంబరు, అయిదవ గదిలో పేరు, ఏడవ గదిలో పుట్టిన తేదీ ఉన్నాయి. 19610704 అంటే 1961 జూలై 4. గదిలో ఏమీ లేకపోయినా గోడలు మాత్రం ఉండి తీరాలి. ఒక్క గోడ తప్పిపోతే పేరు ఉండవలసిన చోటికి మరొకటి జరిగి వస్తుంది. పేరు గదిలోని టోపీ వంటి గుర్తు ఇంటిపేరును అసలు పేరు నుంచి వేరుచేస్తుంది. ఇంటిపేరు ముందు, పేరు తరువాత. మన తెలుగువారి అలవాటూ అదే గదా!

రెండవ వరుస పరీక్ష ఫలితం. 6.8 విలువ. తరువాత దాని కొలమానం, మామూలుగా ఉండవలసిన హద్దులు ఉన్నాయి. ‘హెచ్.హెచ్.’ అంటే ప్రమాదకరంగా ఎక్కువ అని హెచ్చరిక. చివరి ‘ఎఫ్’ ఇది తుది ఫలితమని చెప్తుంది. ఈ వరుసలకంటె ముందు ఎం.ఎస్.హెచ్. అనే వరుస ఉంటుంది. వార్తను ఎవరు ఎవరికి పంపారు, ఎప్పుడు పంపారు, ఏ రకం వార్త, దాని సంఖ్య ఎంత అన్న విషయాలు అందులో ఉంటాయి.

ఇక్కడ తెలివైన విద్యార్థికి ఒక సందేహం రావాలి. వైద్యుడు తన మాటలలోనే నిలువు గీత వాడితే దాన్ని గోడ అనుకోరా? అందుకే మాటలో వచ్చే గీతకు బదులు ‘\ఎఫ్\’ అని రాయాలని నియమం పెట్టారు. అవతలి యంత్రం దాన్ని చదివి మళ్ళీ గీతగా మార్చుకుంటుంది.

పేరు చాలదు, నంబరు కావాలి

మన ఊళ్ళలో వెంకటేశ్వరరావులు ఎందరు, లక్ష్ములు ఎందరు! ఒకే వార్డులో ఇద్దరు కె. వెంకటేశ్వరరావులు ఉండటం వింత కాదు. పైగా ఒకే తెలుగు పేరును ఇంగ్లీషులో ఒక గుమాస్తా ఒక విధంగా, మరొక గుమాస్తా మరొక విధంగా రాస్తారు. కంప్యూటరుకు ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే మనిషే. కనుక రోగిని పేరుతో కాక నంబరుతో గుర్తిస్తారు. పేరు, పుట్టిన తేదీ ఆ నంబరును సరిచూడటానికి సాక్షులు.

పరీక్షలకు కూడా ఇటువంటి నంబర్లే ఉన్నాయి. ఒక ప్రయోగశాల ‘పొటాషియం’ అంటుంది, మరొకటి ‘కె’ అని ఒక్క అక్షరం రాస్తుంది. అమెరికాలో ఇండియానాపోలిస్ నగరంలోని రీగన్‌స్ట్రీఫ్ సంస్థ 1994లో ఈ నంబర్ల పట్టిక తయారీకి పూనుకొన్నది. దాని పేరు లాయింక్. మన వార్తలోని 2823-3 ఆ పట్టికలోనిదే. రక్తద్రవంలోని పొటాషియం అని దాని అర్థం. ఏ దేశంలో చదివినా అదే అర్థం.

ముట్టినట్లు రసీదు

వార్త తయారైంది. ఇక పంపాలి. కంప్యూటర్ల మధ్య తీగలో అక్షరాలు కాలువలో నీటివలె వరుసగా పారుతాయి. ఒక వార్త ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో నీటికి తెలియదు గదా. అందుచేత వార్తకు ముందు ఒక గుర్తు, చివర రెండు గుర్తులు పెడతారు. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఇంగ్లీషు పెద్ద ‘ఎ’కు 65. వార్తకు ముందు పెట్టే గుర్తు సంఖ్య 11, చివర పెట్టేవి 28, 13. ఇవి తెరమీద కనిపించే అక్షరాలు కావు. కాబట్టి వార్తలోని మాటలతో కలిసిపోయే భయం లేదు.

వార్త అందుకొన్న కేంద్రం ఊరుకోకూడదు. ‘ముట్టింది’ అని జవాబివ్వాలి. పూర్వం రిజిస్టరు ఉత్తరంతోపాటు ఒక కార్డు వెళ్ళి, అందుకొన్నవారి సంతకంతో తిరిగివచ్చేది. ఇదీ అటువంటిదే. జవాబులు మూడు రకాలు. ‘ఏ.ఏ.’ అంటే అంగీకరించాను. ‘ఏ.ఇ.’ అంటే ఇందులో తప్పున్నది. ‘ఏ.ఆర్.’ అంటే తీసుకోను. ఏ వార్తకు జవాబో తెలియడానికి ఆ వార్త సంఖ్యనే తిరిగి పంపుతారు.

జవాబు రాకపోతే పంపినవారు కొంతసేపు చూసి మళ్ళీ పంపుతారు. కాని ఇందులో ఒక చిక్కున్నది. వార్త చేరింది, జవాబు మాత్రమే దారిలో పోయింది అనుకోండి. అప్పుడు అదే వార్త రెండుసార్లు చేరుతుంది. అది మందు ఇవ్వమన్న ఉత్తరువు అయితే? రెండు మోతాదులు! అందుకే కేంద్రం వార్త సంఖ్యను చూస్తుంది. ‘ఈ సంఖ్య ముందే వచ్చింది, మళ్ళీ రాసుకోనక్కరలేదు’ అని గ్రహించి, రసీదు మాత్రం మళ్ళీ పంపుతుంది.

ఇంకొక ముఖ్యమైన నియమం ఉన్నది. కేంద్రం ముందుగా వార్తను చెరిగిపోని చోట రాసుకోవాలి. ఆ తరువాతనే రసీదు ఇవ్వాలి. ఎందుకో ఆలోచించండి. రసీదు ఇచ్చేసి, రాసుకొనేలోగా కరెంటు పోతే? పంపినవారు నిశ్చింతగా ఉంటారు, అందుకొన్నవారి దగ్గర ఏమీ ఉండదు. వెంకటేశ్వరరావుగారి 6.8 ఈ లోకంలో ఎక్కడా మిగలదు.

వార్తలను వరుస తప్పకుండా పంపటం కూడా అవసరమే. ప్రయోగశాల ఒక ఫలితం పంపి, తప్పు గ్రహించి, సవరించిన ఫలితాన్ని మరల పంపిందనుకోండి. సవరణ ముందు చేరి, పాత తప్పు తరువాత చేరితే పుస్తకంలో తప్పే నిలిచిపోతుంది. కనుక ముందు వచ్చిన వార్త ముందే బయలుదేరాలి. రేషను దుకాణం వద్ద వరుస ఎలాగో, ఇదీ అలాగే.

వార్త నుంచి దస్తావేజుకు

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని వార్త వేరు, భద్రపరచిన దస్తావేజు వేరు. ఒక పెట్టెలో వెయ్యి తంతి వార్తలు పడవేసి, ‘ఈ రోగికి గత ఏడాది పొటాషియం ఎంత ఉన్నది?’ అంటే వెదికేదెవరు? కాబట్టి వార్తలోని సంగతులను విడదీసి, దేని అరలో దాన్ని సర్దిపెట్టే కంప్యూటరు కావాలి. అదే ఆరోగ్య సమాచార భాండాగారం, అంటే డేటా సర్వరు.

ఈ అరలు ఎలా ఉండాలో చెప్పే కొత్త పద్ధతిని 2011లో ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహమ్ గ్రీవ్ ప్రతిపాదించాడు. హెచ్.ఎల్.7 సంస్థ దాన్ని స్వీకరించి పెంపొందించింది. దాని పేరు ఎఫ్.హెచ్.ఐ.ఆర్., పలికేది ‘ఫైర్’ అని. ఇందులో రోగికి ఒక అర, ఆస్పత్రికి వచ్చిన సందర్భానికి ఒక అర, పరీక్షలో కనుగొన్న విషయానికి ఒక అర ఉంటాయి. వెబ్ పేజీలకు చిరునామా ఉన్నట్లే ప్రతి దస్తావేజుకూ చిరునామా ఉంటుంది. అనుమతి ఉన్నవారు ఆ చిరునామాతో దాన్ని అడిగి తెప్పించుకోవచ్చు.

మధ్యనున్న కేంద్రం ఇప్పుడు దుబాసీ పని చేస్తుంది. పి.ఐ.డి. వరుసను రోగి దస్తావేజుగా, ఓ.బి.ఎక్స్. వరుసను పరిశీలన దస్తావేజుగా మార్చి భాండాగారానికి పంపుతుంది. భాండాగారం జవాబు సంఖ్యలలో చెప్తుంది. 201 అంటే కొత్త దస్తావేజు ఏర్పడింది. 400 అంటే నీవు పంపినదానిలో తప్పున్నది. 503 అంటే ప్రస్తుతం పని చేయలేకున్నాను. 503 వస్తే కేంద్రం వార్తను దాచి ఉంచి, కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. 400 వస్తే ఎన్నిసార్లు పంపినా ఫలితం లేదు. ఆ వార్తను ఒక పక్కన పెట్టి మనిషిని పిలవాలి. చిరునామా సరిలేని ఉత్తరాలను తపాలావారు వేరుగా తీసిపెట్టినట్లన్నమాట. ఆ బుట్టను రోజూ చూసే మనిషి లేకపోతే అందులో ఎవరి ప్రాణమున్నదో ఎవరికీ తెలియదు.

కొలమానం పోతే అంకె అబద్ధమాడుతుంది

దుబాసీ అతి జాగ్రత్తగా చూడవలసినది కొలమానం. రక్తంలోని చక్కెరను మన దేశంలో డెసిలీటరుకు మిల్లీగ్రాములలో చెప్తారు. బ్రిటన్ వంటి దేశాలలో లీటరుకు మిల్లీమోల్‌లలో చెప్తారు. రెండవదాన్ని సుమారు 18తో గుణిస్తే మొదటిది వస్తుంది. అక్కడి 5.5 ఇక్కడి 99. రెండూ ఆరోగ్యమే. అక్కడి 20 అయితే ఇక్కడి 360. అది చాలా ఎక్కువ. దారిలో కొలమానం ఊడిపోయి 20 అన్న అంకె మాత్రమే మన వైద్యునికి చేరితే, చక్కెర బాగా పడిపోయిందని భ్రమపడి గ్లూకోజు ఎక్కించమంటే ఎంత ప్రమాదం!

అంతరిక్షంలో ఇటువంటి పొరపాటు నిజంగానే జరిగింది. 1999 సెప్టెంబరు 23న అమెరికావారి ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అనే నౌక కుజగ్రహం వద్ద నాశనమైంది. ఒక బృందం రాకెట్టు తోపును పౌండ్ల లెక్కలో ఇచ్చింది. మరొక బృందం దాన్ని న్యూటన్ల లెక్క అనుకొన్నది. అంకెలు సరిగానే చేరాయి. కాని వాటి అర్థం చేరలేదు.

రహస్యం ఎవరిది?

రోగి జబ్బు అతని సొంత విషయం. తీగలో పోయే వార్తను దారిలో ఎవరూ చదవకూడదు. మనం పైన చెప్పుకొన్న 11, 28, 13 గుర్తులు కవరు అంచులు మాత్రమే, తాళాలు కావు. కాబట్టి వార్తను గూఢలిపిలోకి మార్చి పంపే ఏర్పాటు వేరుగా ఉండాలి. భాండాగారంలో ఎవరు ఏ దస్తావేజు చూశారో కూడా రాసి ఉంచాలి.

మన దేశంలో 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటికీ ప్రారంభించారు. దానికింద 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తారు. దస్తావేజులు ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉంటాయి. రోగి సమ్మతిస్తేనే మరొకచోటికి వెళ్తాయి. అలా వెళ్ళే దస్తావేజులకు మనం చెప్పుకొన్న ఫైర్ పద్ధతినే ఎన్నుకొన్నారు. గుంటూరులో చేయించిన పరీక్ష హైదరాబాదులోని వైద్యునికి అర్థం కావాలంటే ఇద్దరి యంత్రాలకూ ఒకే భాష ఉండాలి గదా!

చివరికి మనిషే

మళ్ళీ మన వెంకటేశ్వరరావుగారి వద్దకు వద్దాం. ప్రయోగశాల యంత్రం వార్త రాసింది. కేంద్రం దాన్ని భద్రపరచి, రసీదిచ్చి, మార్చి, భాండాగారానికి చేర్చింది. వార్డులోని తెరమీద 6.8 ఎర్రగా వెలిగింది. కాని ఆ క్షణంలో తెరవద్ద ఎవరూ లేకపోతే?

అందుకే ఇటువంటి ప్రమాదకరమైన ఫలితం వచ్చినప్పుడు ప్రయోగశాలలోని మనిషి ఫోను కూడా చేస్తాడు. అంతేకాదు, రోగి పేరు, నంబరు, అంకె చెప్పి, ‘మళ్ళీ ఒకసారి చదవండి’ అంటాడు. అవతలివారు చదివి వినిపిస్తారు. ఇదీ రసీదే! యంత్రాలకు మనం నేర్పిన పద్ధతి మనం ముందే వాడుతున్నదే.

ఫోను అందుకొన్న వైద్యుడు ఇంకొకటి ఆలోచిస్తాడు. రక్తకణాల లోపల పొటాషియం బయటికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే లేని పొటాషియం ఉన్నట్లు కనిపిస్తుంది. కాబట్టి ఆయన రోగిని చూస్తాడు, గుండె చప్పుడు గీతలు తీయిస్తాడు, అవసరమైతే రక్తం మళ్ళీ పంపిస్తాడు. వార్తను తప్పులేకుండా మోయటం యంత్రం పని. దాన్ని నమ్మవలెనా, ఏమి చేయవలెనా అన్నది నిర్ణయించటం మనిషి పని.

చేసి చూడండి

తరగతిలో నలుగురు మిత్రులు ప్రయోగశాల, కేంద్రం, భాండాగారం, వార్డు అని పేర్లు పెట్టుకొని దూరదూరంగా కూర్చోండి. ప్రయోగశాల చీటీలపై సంఖ్య వేసి ఫలితాలు రాసి పంపాలి. అందుకొన్నవారు పుస్తకంలో రాసుకొన్న తరువాతనే అదే సంఖ్యతో రసీదు చీటీ పంపాలి. అయిదవ మిత్రుడు తపాలావాడు. అతడు అప్పుడప్పుడు ఒక చీటీని దాచేయవచ్చు. ఇరవై చీటీలు పంపాక ప్రయోగశాల పుస్తకాన్ని, భాండాగారం పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఏ ఫలితమైనా పోయిందా? ఏదైనా రెండుసార్లు పడిందా? రసీదులు లేకుండా ఆట మళ్ళీ ఆడి తేడా గమనించండి.